నేలపట్టు, పులికాట్: తను చూపించాలనుకున్న పక్షులు

ఈ జనవరి చివర్లో నేలపట్టు పక్షుల కేంద్రానికి, పులికాట్ సరస్సుకి వెళ్లొచ్చాం. వెళ్లింది నేను, మా ఫ్రెండ్ వాళ్లాయన, వాళ్ల ఇద్దరు పిల్లలు. ఫ్రెండ్ లేదు, బ్రెస్ట్ క్యాన్సర్‌తో పోయి ఏడాది దాటింది. హాస్టల్లో ఒకే రూమ్‌లో మొదలైన స్నేహం మాది, సొంత అక్కచెల్లెళ్లలాగే తిరిగాం కాబట్టి పిల్లలకి నేను పిన్నిని, వాళ్లాయన నాకు బావగారు. పేర్లు రాయను, పిల్లలు చిన్నవాళ్లు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నోడికి ఐదు. వాడికి వాళ్లమ్మ ఫోటోల్లో తప్ప గుర్తుండదేమో అని నా భయం, అందుకే ఈ ట్రిప్ గురించి వివరంగా రాసి పెడుతున్నా, మధ్యలో తన గురించే ఎక్కువ వస్తే ఏమనుకోకండి, అసలు ఈ ట్రిప్పే తనది.

వాళ్లింట్లో హాల్లో గోడకి పక్షుల చార్ట్ ఒకటి ఉండేది. చిన్నోడు మాటలు వచ్చిన కొత్తలో దాని ముందు నిలబడి గూడబాతు (పెలికాన్) బొమ్మ మీద వేలు పెట్టి, అమ్మా దీని సంచిలో ఏముంది అని అడిగేవాడు. మనమైతే చేపలురా అనేసి వంటింట్లోకి వెళ్లిపోతాం. తను అలా కాదు, పొయ్యి కట్టేసి వచ్చి వాడి పక్కన కింద కూర్చుని, వాడి కళ్లూ తన కళ్లూ ఒకే ఎత్తులో ఉండేలా చూసుకుని, "నాకూ సరిగ్గా తెలీదు నాన్నా, చేపలు దాచుకుంటుందో అప్పుడే మింగేస్తుందో, వెళ్లి చూద్దాం" అంది. ఊరికే అనడం కాదు, అదే రాత్రి ఎక్కడ దగ్గర్నుంచి చూడొచ్చో వెతికి, నేలపట్టు అని తేల్చి, నాకు ఫోన్ చేసి నువ్వూ రావాలి అని బుక్ చేసేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకే గడ్డ బయటపడింది, ఆపరేషన్, కీమో, మళ్లీ ఇంకోచోటికి పాకడం, ఆ రెండేళ్ల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. అక్టోబర్‌లో వెళ్దాం, పోనీ జనవరిలో వెళ్దాం అని వాయిదా వేసుకుంటూ వచ్చాం, అంతే.

రాత్రి రైలెక్కి పొద్దున్నే గూడూరులో దిగాం. అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని చెన్నై హైవే మీద నాయుడుపేట దాటి వెళ్తే దొరవారిసత్రం వస్తుంది, అక్కడ లోపలికి తిరగాలి. దొరవారిసత్రం 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. దార్లో చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు, పిల్లలు నిద్రపోయారు. పెద్దదాని జడ చూస్తూ కూర్చున్నా నేను. బావగారు రైల్లోనే వేశారు, పాయలు మూడూ సమానంగా, రిబ్బను కూడా గట్టిగా. ఆ జడ వెనక ఒక కథ ఉంది. కీమోతో తన జుట్టంతా ఊడిపోయాక, ఈయనకి జడ వేయడం నేర్పాలి అని పట్టుబట్టింది. తన తల మీద నేర్పడానికి జుట్టు లేదు, పిల్లేమో కదలకుండా కూర్చోదు. అందుకని మూడు చున్నీలు కిటికీ గ్రిల్‌కి ముడేసి, మంచం మీద పడుకుని, "లాగండి, ఇంకొంచెం లాగండి, కుడిదాన్ని మధ్యకి తేవాలి, కాదు కాదు పైనుంచి" అని చెప్తూ ఆయన చేత రోజూ ప్రాక్టీస్ చేయించింది. నేను వెళ్లినప్పుడు ఆ కిటికీకి చున్నీల జడ వేలాడుతూ ఉండేది. ఎందుకే ఇప్పుడివన్నీ, క్రాప్ చేయిస్తే పోలా అంటే, "దానికి జడ ఇష్టమే, నేను లేనని దాని ఇష్టం మానుకోవాలా" అంది. అంత మామూలుగా అంది ఆ మాట.

నేలపట్టు దగ్గరకొచ్చేసరికి చెరువు కనిపించకముందే చప్పుడు వినిపించింది. వందల పక్షులు ఒకేసారి గొంతులు ఎత్తితే, మధ్యలో ముక్కులు టకటకా కొట్టుకుంటుంటే ఎలా ఉంటుందో అలా. టికెట్ తీసుకుని కట్ట మీద నడుచుకుంటూ వెళ్తే చెరువు, ఆ నీళ్లల్లోనే సగం మునిగి నిలబడ్డ చెట్లు, కడప చెట్లంటారు వాటిని. ఒక్కో చెట్టు మీద పదుల్లో గూళ్లు, ఆకుపచ్చ కన్నా తెలుపు బూడిదే ఎక్కువ కనిపిస్తుంది. వాసన కూడా గట్టిగానే ఉంటుంది, చిన్నోడు ముక్కు మూసుకున్నాడు. 1976 నుంచి ఇది సంరక్షణ కేంద్రం, నాలుగున్నర చదరపు కిలోమీటర్లు ఉంటుందంతా. అక్టోబర్‌లో వానలు పడి చెరువు నిండాక గూడబాతులు వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని మార్చి దాటాక వెళ్లిపోతాయి. వీటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా. జనవరిలో వెళ్తే మంచిదేంటంటే అప్పటికి పిల్లలు పెద్దవై గూళ్లల్లోంచి తలలు బయటపెట్టి గోల చేస్తుంటాయి.

అక్కడ పనిచేసే పెద్దాయన ఒకాయన మాతో పాటు వాచ్ టవర్ దాకా వచ్చారు. ఈ చెరువు నీళ్లు పారే పొలాలకి ఎరువు పెద్దగా వెయ్యక్కర్లేదట, పక్షుల రెట్టంతా నీళ్లల్లో కలిసి పొలానికే పోతుంది కదా, అందుకే ఊళ్లో ఎవరూ వాటి జోలికి పోరు, పోనివ్వరు అని చెప్పారు. రెట్ట అనే మాట వినగానే పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

ఇక సంచి సంగతి. టవర్ మీద బైనాక్యులర్స్ పట్టుకుని ఒక్క గూడునే చూస్తూ కూర్చున్నాం. గూట్లో మూడు పిల్లలు, ఒళ్లంతా తెల్లటి నూగు, రెక్కల మీద అప్పుడప్పుడే ఈకలు వస్తున్నాయి. ఎక్కడో చేపలు పట్టుకుని ఒక పెద్ద పక్షి వచ్చి గూటి అంచు మీద వాలింది, నాలుగైదు కిలోల బరువుంటుంది కదా, కొమ్మ మొత్తం ఊగిపోయింది. వాలీ వాలగానే పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ మీద పడ్డాయి, అది నోరు తెరిచింది, ఒక పిల్ల ఏకంగా తల మెడ దాకా లోపలికి పెట్టేసింది. బయటికి కనిపించేది వీపూ కాళ్లే. లోపల తల అటూ ఇటూ కదులుతుంటే ఆ సంచి బయటికి ఉబ్బడం కనిపిస్తోంది. చిన్నోడు, "పిన్నీ అది మింగేస్తోంది బుజ్జిదాన్ని" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పెద్దాయన నవ్వి, మింగడం కాదు బాబూ అన్నం తింటోంది అన్నారు. అప్పుడు విడమర్చి చెప్పారు: సంచిలో ఏమీ దాచుకోదు, అది వల లాంటిది, నీళ్లతో సహా చేపని తోడి, నీళ్లు వదిలేసి చేపని మింగేస్తుంది, గూటికొచ్చాక లోపల్నుంచి మళ్లీ పైకి తెచ్చి పెడుతుంది, మరీ పసివాటికైతే అరిగిపోయి గంజిలా ఉన్నది పెడుతుంది, కాస్త పెద్దయ్యాక ఇదిగో ఇలా తల లోపల పెట్టి తీసుకుంటాయి.

చిన్నోడు అంతా విని, "అయితే సంచిలో ఏం లేదు" అన్నాడు. అవునమ్మా ఏం లేదు అంటే, "అమ్మకి చెప్పాలి" అన్నాడు. వాడు అలా అంటూనే ఉంటాడు, కొత్తది ఏది చూసినా అంటాడు, మేం ఎవరం వద్దనం.

ఇంకో మాట కూడా చెప్పారు పెద్దాయన. బావగారు అడిగారు, ఇప్పుడు వచ్చింది తల్లేనా అని. "ఏదో చెప్పలేం సార్, రెండూ ఒకేలా ఉంటాయి. గుడ్లు పొదిగేది ఇద్దరూ, నెల రోజులు వంతులేసుకుని. తిండి పెట్టేదీ ఇద్దరే" అన్నారు. బావగారు ఏం మాట్లాడలేదు, బైనాక్యులర్స్ మళ్లీ కళ్లకి పెట్టుకుని చాలాసేపు ఆ గూడే చూశారు. ఆయన మొదట్నుంచీ మాటలు తక్కువ మనిషి. తను పోయాక వంట నేర్చుకున్నారు, జడ నేర్చుకున్నారు, స్కూల్ మీటింగుల్లో అమ్మల మధ్య ఒక్కరే మగవాడిగా కూర్చోవడం నేర్చుకున్నారు. నాకైతే ఆ క్షణంలో తను పక్కన ఉంటే, చూశారా అని మోచేత్తో ఆయన్ని పొడిచి ఉండేది అనిపించింది.

మధ్యాహ్నం కింద చెట్ల నీడలో కూర్చుని తెచ్చుకున్నవి తిన్నాక బావగారు బ్యాగులోంచి నోట్‌బుక్ తీశారు. తను రాసుకున్నది, దీని గురించి చెప్పాలి. లాంగ్ నోట్‌బుక్, స్కూలు పిల్లలదే, అట్ట మీద ఏమీ రాసుండదు. లోపల పేజీకి మధ్యలో గీత. ఎడం పక్క పిల్లలు అడిగిన ప్రశ్న, ఎవరు అడిగారు, ఏ తారీఖు. కుడి పక్క జవాబు. తెలిసినవి వెంటనే రాసేది, తెలీనివి కనుక్కుని రాసేది, దొరకనివి ఖాళీగా వదిలేసేది. ఎంత చిన్నదైనా వదిలేది కాదు. బల్లి తోక తెగితే దానికి నొప్పి ఉండదా. నాన్న గొంతు ఎందుకు లావుగా ఉంది. మనం నిద్రపోయినప్పుడు కళ్లు ఎటు చూస్తాయి. హాస్పిటల్లో రాసిన పేజీల్లో అక్షరాలు గీత దాటి కిందికి జారిపోతాయి, సెలైన్ పెట్టిన చెయ్యి కాబట్టి, అయినా తారీఖు మాత్రం తప్పకుండా ఉంటుంది. పిల్లలంటే ప్రాణం అని అందరమ్మల గురించీ అంటాం. తన ప్రేమ ఎలా ఉండేదో అడిగితే నేను ఆ నోట్‌బుక్ చూపిస్తా. పిల్లలు అడిగిందాన్ని అంత సీరియస్‌గా తీసుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూళ్లేదు, నువ్వు ఊరుకో అనే మాట తన నోట ఒక్కసారి కూడా వినలేదు.

గూడబాతు సంచి ప్రశ్న పక్కన ఖాళీ ఉంది. చిన్నోడు తనే రాస్తానని పెన్సిల్ తీసుకుని, వాడికొచ్చిన అక్షరాలతో "ఎం లెదు" అని రాశాడు. దిద్దలేదు ఎవరం.

సాయంత్రానికి సూళ్లూరుపేట వెళ్లి లాడ్జిలో దిగాం. ఫ్లెమింగో ఫెస్టివల్ జనం అప్పటికి తగ్గిపోయారు కాబట్టి రూములు దొరికాయి. మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా నీళ్లు, మధ్యలో రోడ్డు, చివర షార్ గేటు, ఇస్రో రాకెట్లు వదిలే చోటు. మన దేశంలో చిలికా తర్వాత ఉప్పునీటి సరస్సుల్లో పెద్దది ఇదే. ఎంత పెద్దదో అంత లోతు లేనిది, చాలాచోట్ల మీటరు కూడా ఉండదట, ఎండాకాలం ఉత్తరం వైపు ఎండిపోతుంది కూడా. అందుకే పొడుగు కాళ్ల పక్షులకి అంత ఇష్టం. అటకానితిప్ప దగ్గర కారు పక్కకి ఆపించాం.

మొదట దూరంగా ఒక లేత గులాబీ గీత కనిపించింది, నీళ్లకీ ఆకాశానికీ మధ్య. వెలుగు పెరిగేకొద్దీ అది గీత కాదు ఫ్లెమింగోలని తెలిసింది. ఎన్నో చెప్పలేను, లెక్కపెట్టడం మొదలెట్టి పెద్దది మధ్యలో వదిలేసింది. అన్నీ తల కిందులుగా నీళ్లల్లో పెట్టి, ముక్కుని తిరగేసి జల్లెడ పట్టినట్టు నీళ్లు వడకట్టుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ ఒకే వైపుకి నడుస్తున్నాయి. అప్పుడప్పుడు ఒక గుంపు లేస్తే రెక్కల లోపలి ఎరుపు, అంచున నలుపు ఒక్కసారిగా కనిపిస్తాయి. చిన్నోడు ఆఁ అని నోరు తెరిచి ఉండిపోయాడు. రాకెట్ లేచినప్పుడు ఇవి భయపడవా అని డ్రైవర్ని అడిగితే, అన్నీ లేస్తాయి బాబూ, కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుంటాయి అన్నాడు.

గుంపులో కొన్ని బూడిద రంగులో ఉన్నాయి. నేను పెద్దదానికి చూపించి, అవి చిన్నవి, పుట్టినప్పుడు పింక్ ఉండదు, తినే నాచులోంచి, బుల్లి రొయ్యల్లోంచి ఆ రంగు ఒంటికి పడుతుంది అని చెప్తున్నా. అది నా మాట మధ్యలోనే, "నాకు తెలుసు పిన్నీ, అమ్మ చెప్పింది. అమ్మా నాన్నా ఇద్దరూ గొంతులోంచి పాలు లాంటివి తీసి పిల్లలకి పెడతారు, రంగంతా అందులోనే పోతుంది, అందుకే పెద్దవి తెల్లగా అయిపోతాయి" అంది. నిజమే, పిల్లల్ని పెంచే రోజుల్లో వాటి రంగు వెలిసిపోతుంది. ఎంత బాగా గుర్తుపెట్టుకుందో అని నేను సంబరపడుతుండగానే అది చాలా చిన్న గొంతుతో అడిగింది, "అమ్మ కూడా మాకు పెట్టే తెల్లగా అయిపోయింది కదా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. ఆ రోజు నేను ఆ వార్డులోనే ఉన్నా. పిల్ల మంచం పక్కన నిలబడి, అమ్మా నువ్వెందుకు తెల్లగా ఉన్నావ్ అని అడిగింది, అప్పుడు తను ఈ ఫ్లెమింగో సంగతి చెప్పింది, పిల్లల్ని పెంచాక మళ్లీ బాగా తింటే రంగు వచ్చేస్తుంది అని కూడా చెప్పింది. ఆ పూట నీరసంగా ఉంది తనకి, అంతకన్నా మాట్లాడలేకపోయింది. ఆ పిల్ల ఇన్నాళ్లూ దాన్ని లోపల పెట్టుకుని, మా వల్లే అమ్మ అలా అయిపోయింది అనుకుంటోంది.

బావగారు రోడ్డు పక్కనే కింద కూర్చున్నారు, అచ్చం తను కూర్చున్నట్టే. "అమ్మ తెల్లగా అయింది జబ్బు వల్ల తల్లీ. మందులు చాలా గట్టివి, వాటికి రక్తం తగ్గిపోయింది, హిమోగ్లోబిన్ అంటారు, అది తగ్గితే మనిషి అలా పాలిపోతుంది. మీకు పెట్టడం వల్ల కాదు. పిల్లలకి అన్నం పెట్టినందుకు ఎవరికీ జబ్బు రాదు." అంత పొడుగ్గా ఆయన మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పిల్ల నమ్మినట్టు తల ఊపింది గానీ, "మరి అమ్మ అలా ఎందుకు చెప్పింది" అంది.

అప్పుడాయన నోట్‌బుక్ తీసి చివరికి దగ్గర్లో ఒక పేజీ వెతికి దాని చేతికిచ్చారు. ఆ పేజీ నేనూ అదే మొదటిసారి చూడటం. అది వేలు పెట్టి కూడబలుక్కుంటూ బయటికే చదివింది. ఎడం పక్క: అమ్మ ఎందుకు తెల్లగా ఉంది. కింద దాని ముద్దుపేరు, తారీఖు. కుడి పక్క జారిపోతున్న అక్షరాల్లో: "కీమో వల్ల రక్తం తగ్గింది. ఈరోజు ఫ్లెమింగో కథ చెప్పాను. అది సరైన జవాబు కాదు. దాని వల్లే అనుకుంటుందేమో. మళ్లీ సరిగ్గా చెప్పాలి. నాకు కుదరకపోతే మీరు చెప్పండి."

మీరు అంటే బావగారు. ఆయన చెప్పేందుకు ఇన్ని నెలలు ఎదురుచూశారట, పిల్ల తనంతట తను అడిగేదాకా ఆ మాట ఎత్తడానికి ధైర్యం చాల్లేదని తర్వాత నాతో అన్నారు. అడగకముందే చెప్తే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని కూడా భయపడ్డారట. ఆయన్ని తప్పు పట్టలేను, ఇలాంటివి ఎప్పుడు చెప్పాలో ఎవరికి తెలుస్తుంది.

పిల్ల ఆ పేజీ రెండోసారి చదివింది. "అయితే అమ్మకి తెలుసు నేను అలా అనుకుంటానని" అంది. తెలుసమ్మా అన్నా. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, వాళ్ల నాన్న మెడ పట్టుకుని. చిన్నోడికి ఏమీ అర్థం కాక వాడూ మొదలెట్టాడు. డ్రైవర్ పాపం వాటర్ బాటిల్ తెచ్చి ఇచ్చి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. మేం నలుగురం ఆ రోడ్డు మీద ఎంతసేపు కూర్చున్నామో తెలీదు, ఎండ ఎక్కింది, షార్ బస్సులు రెండు వెళ్లాయి. ఆ తర్వాత అదే లేచి ముక్కు తుడుచుకుని, బైనాక్యులర్స్ ఇటివ్వు పిన్నీ అంది.

షార్ లోపలికి వెళ్లలేదు, దానికి ముందే ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకోవాలి, ప్రయోగం ఉన్న రోజు గ్యాలరీలోంచి చూడొచ్చు. అది ఇంకోసారి పెట్టుకున్నాం. ఎవరైనా పిల్లల్ని తీసుకుని వెళ్లేవాళ్లుంటే పులికాట్‌కి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పక్షులు దూరం జరుగుతాయి, రోడ్డు మీద నీడ ఉండదు, నీళ్లు, టోపీలు మీరే తీసుకెళ్లాలి. నేలపట్టులో కనీసం సగం రోజు కూర్చోండి, ఒక్క గూడునే ఎంచుకుని చూస్తే పిల్లలకి విసుగు రాదు.

రైల్లో తిరిగొచ్చేటప్పుడు నోట్‌బుక్ కొత్త పేజీ తెరిచారు. బావగారి రాత, గీత మాత్రం పెద్దపిల్ల స్కేలు పెట్టి గీసింది. ఫ్లెమింగోలు రాత్రిపూట దారి ఎలా కనుక్కుంటాయి, చిన్నోడు. ఇది నా వాటాకి వచ్చింది, ఇంకా చదువుతున్నా. ఫ్లెమింగో పిల్లలు ఇక్కడ పుట్టకపోతే ఎక్కడ పుడతాయి, పెద్దది. గుజరాత్‌లో కచ్ రణ్‌లో, ఉప్పునేల మీద మట్టితో చిన్న దిబ్బల్లా గూళ్లు కట్టుకుంటాయి అని నేను చెప్పా. ఆ దిబ్బ ఎంత ఎత్తుంటుంది, గుడ్డు దొర్లి పడిపోదా అని వెంటనే ఇంకో రెండు అడిగింది. అక్కడికి మామూలుగా వెళ్లనివ్వరు, బోర్డర్ ఏరియా, పర్మిషన్లు కావాలి. బావగారు ఆఫీసులో లీవుల సంగతి కనుక్కుంటున్నారు, నేను పర్మిషన్ ఎవరిస్తారో కనుక్కుంటున్నా.